పద్నాలుగో నిమిషం

రాళ్ళవాగు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బుధవారం టీకాల రోజు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి చంటిపిల్లల్ని చంకనేసుకుని తల్లులు, అమ్మమ్మలు, మొహమాటపడుతూ ఒకరిద్దరు తండ్రులు పొద్దున్నే వచ్చి కూర్చునేవారు. టీకాలు వేసేది నర్సు హైమావతి ఒక్కతే. ఒక్కో బిడ్డకు మూడు నిమిషాలు పడుతుంది. కార్డు చూడాలి, ఏ టీకా వేయాలో తేల్చుకోవాలి, మందు సూదిలోకి తీయాలి, వేయాలి, ఆపైన బిడ్డతో పాటు ఏడవబోతున్న తల్లిని సముదాయించాలి. ఎనభై మంది పిల్లలకు మూడేసి నిమిషాలంటే నాలుగు గంటలు. ఈ లెక్క కట్టడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు.

"మరో ఇద్దరు నర్సులను ఇప్పించగలరు" అని హైమావతి ఆరేళ్ళుగా పైఅధికారులకు అర్జీలు రాస్తూనే ఉంది. ఆ అర్జీలను పైవారు ఎంత శ్రద్ధగా చదివారంటే, ఏడో ఏడు ఏకంగా ఒక పథకమే పెట్టేశారు.

దాని పేరు నిరీక్షణ రహిత శిశు టీకా పథకం. ఉత్తర్వు పన్నెండు పేజీలు. ఏ లబ్ధిదారుడూ టీకా కోసం పదిహేను నిమిషాలకు మించి నిరీక్షించరాదన్నది అందులోని సారాంశం. లబ్ధిదారుడంటే చంటిబిడ్డ. నిరీక్షించిన పక్షంలో కేంద్రం సిబ్బంది సంజాయిషీ చెప్పుకోవాలి. నిరీక్షించని పక్షంలో షీల్డు ఇస్తారు.

పథకాన్ని అమలు చేయడానికి జిల్లాకు ఒక నిరీక్షణ నివారణాధికారిని వేశారు. ఈ జిల్లాకు వచ్చినాయన పేరు పంచాక్షరి. మనిషి చెడ్డవాడు కాడు. లంచం ముట్టడు, టీ కూడా సొంత ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు. అంతకు ముందు పశువుల శాఖలో దూడల చెవులకు నంబర్లు వేయించే పని చూసి మంచి పేరు తెచ్చుకున్నాడు. ఏ పని అప్పజెప్పినా ప్రాణం పెట్టి చేస్తాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన రాళ్ళవాగుకు మొదటిసారి వచ్చినప్పుడు జీపులోంచి ఇద్దరు అమ్మాయిలు కూడా దిగారు. ఖాజాబీ, సుభాషిణి. ఇద్దరూ నర్సు చదువు పూర్తిచేసి, ఈ కేంద్రంలో ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న రెండు పోస్టుల్లోకి వచ్చినవాళ్ళు. ఆ మాట వినగానే హైమావతికి కళ్ళు చెమర్చాయి.

"ఇప్పుడే రెండు టేబుళ్ళు వేయిస్తాను సార్" అంది.

"వేయించండి. స్టాప్‌వాచీలు పెట్టుకోవడానికి కావాలి" అన్నాడు పంచాక్షరి.

"స్టాప్‌వాచీలు దేనికి సార్?"

"వీరు కాల పరిశీలకులు. ఒకరు నిరీక్షణ ప్రారంభ సమయాన్ని, మరొకరు ముగింపు సమయాన్ని నమోదు చేస్తారు. నిరీక్షణను నివారించాలంటే ముందు దాని పొడవు తెలియాలి కదండీ."

"వీళ్ళు సూది వేయడం నేర్చుకున్న పిల్లలు సార్!"

"అందుకే ఏరికోరి తెచ్చాను. సూది వేయడం రానివారు సూది పడే కచ్చితమైన క్షణాన్ని గుర్తించలేరు."

హైమావతి డాక్టరు వైపు చూసింది. కేంద్రానికి పెద్ద అయిన డాక్టరు మస్తాన్ వలి నెమ్మదస్తుడు. ఎవరితోనూ వాదన పెట్టుకోడు. ఆయన కిటికీలోంచి బయట ఉన్న కొళాయి వైపు చూశాడు.

మొదటి బుధవారం కొలిస్తే సగటు నిరీక్షణ రెండు గంటల పదకొండు నిమిషాలని తేలింది. పంచాక్షరి ఆ అంకెను చూసి నిజంగానే బాధపడ్డాడు. వారం రోజులు ఆలోచించి, నిరీక్షణ ఎక్కడ మొదలవుతోందో కనిపెట్టాడు. గేటు దగ్గర! జనం గేటు లోపలికి రావడం వల్లనే నిరీక్షణ పుడుతోంది. కాబట్టి మరుసటి బుధవారం గేటుకు తాళం వేయించి, తల్లుల్ని ఐదుగురు చొప్పున లోపలికి వదలమన్నాడు. సగటు ఒక్కసారిగా పదమూడు నిమిషాలకు దిగింది. మిగతా డెబ్భై అయిదు మంది రోడ్డు మీద, ఎదురుగా ఉన్న పంక్చర్ల షాపు రేకుల కింద, ఎండలో నిలబడ్డారు. రోడ్డు ఆరోగ్య శాఖ పరిధిలోకి రాదు కనుక వాళ్ళు నిరీక్షిస్తున్నట్టు కాదు.

ఆ రేకుల కింద నిలబడ్డవాళ్ళలో దీనమ్మ ఒకతె. పొగాకు గ్రేడింగు షెడ్డులో పని చేస్తుంది. ఆమె కూతురు ఎస్తేరుకు తొమ్మిది నెలలు నిండి పది రోజులైంది. తట్టు రాకుండా వేసే టీకా వేయించాలి. వాళ్ళ సందు చివరింట్లో ఒక పిల్లకు అప్పుడే తట్టు పోసిందని విని, దీనమ్మ ఏడింటికల్లా వచ్చి నిలబడింది. తొమ్మిదిన్నర దాకా చూసింది. పదింటికి మేస్త్రి షెడ్డు తలుపు వేసేస్తాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా లోపలికి రానివ్వడు. గేటులోపలికి పిలుపు రాకుండానే ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు పేపర్లో "టీకా కోసం రోడ్డున పడ్డ పసికందులు" అని ఫోటో వచ్చింది. పంచాక్షరి గేటు తీయించాడు. అయితే ఈసారి పథకం ఉత్తర్వును మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఏడో పేజీలో నిర్వచనం దొరికింది. "నిరీక్షణ యనగా లబ్ధిదారుడు ఒకే స్థానమున స్థిరముగా నుండుట."

"స్థిరంగా ఉంటేనే నిరీక్షణ. నడుస్తున్నవారు నిరీక్షిస్తున్నట్టు కాదు" అని ఆయన సిబ్బందిని కూర్చోబెట్టి వివరించాడు. "అసలు కుర్చీలే ఈ అనర్థానికి మూలం. కుర్చీ కనిపిస్తే కూర్చోవాలనిపిస్తుంది. కూర్చుంటే నిరీక్షణే."

కుర్చీలన్నీ స్టోరు గదిలోకి వెళ్ళాయి. భవనం చుట్టూ సున్నంతో బాణం గుర్తులు గీశారు. తల్లులు పిల్లల్నెత్తుకుని ఆ బాణాల వెంట తిరగాలి. ఎవరైనా ఆగితే సుభాషిణి గడియారం నొక్కాలి. రెండో చుట్టులో ఒక ముసలమ్మ పంచాక్షరిని ఆపి, "నాయనా, ఇయి ఎన్ని చుట్లు తిరగాలా? పదకొండా, నూట ఎనిమిదా?" అని భక్తిగా అడిగింది.

"మీ పేరు పిలిచేదాకా తిరగండమ్మా."

"కొబ్బరికాయ చివర్నా, ముందునా?"

పిల్లలకు మాత్రం ఈ పద్ధతి బాగా నచ్చింది. ఊగుతూ ఊగుతూ హాయిగా నిద్రపోయారు. నిద్రలో సూది పడేసరికి రెండింతలు ఏడ్చారు. సగటు నిరీక్షణ ఆరు నిమిషాలు.

ఏడో చుట్టులో ముసలమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్ల మీద కూలబడింది. మనవణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఇక కదలనంది. సుభాషిణి గడియారం నొక్కింది. పది నిమిషాలు, పన్నెండు, పదమూడు. ముసలమ్మ ముందు ఇంకా ఇరవై మంది ఉన్నారు. చుట్లు మొదలయ్యాక ఆ కేంద్రంలో మొట్టమొదటిసారి ఒక లబ్ధిదారుడు పదిహేనో నిమిషంలోకి అడుగుపెట్టబోతున్నాడు. పంచాక్షరి నుదురు తుడుచుకున్నాడు. సరిగ్గా పద్నాలుగో నిమిషంలో ఆయనకు ఉపాయం తట్టింది. ముసలమ్మ దగ్గరకు వెళ్ళి, రెండు చేతులూ జోడించి, "అమ్మా, మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టడం మా మనసుకు కష్టంగా ఉంది. మీరు ఇంటికి వెళ్ళిపోండి. వచ్చే బుధవారం దయచేయండి" అన్నాడు.

ఇంత మర్యాదగా ఆమెను జన్మలో ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఆమె మనవణ్ణెత్తుకుని, ఆయన్ని దీవించి మరీ వెళ్ళింది.

మరుసటి వారానికల్లా గులాబీ రంగు కార్డులు అచ్చయి వచ్చాయి. పైన "పునఃస్వాగత పత్రం" అని, కింద "మీ నిరీక్షణను మేము సహించలేము" అని రాసి ఉంది. చుట్లు తిరగడం రద్దయింది. ఇప్పుడు ఎవరైనా ఎక్కడైనా నేల మీద కూర్చోవచ్చు. పద్నాలుగో నిమిషం రాగానే సుభాషిణి వచ్చి, కార్డు చేతిలో పెట్టి పంపేస్తుంది. పదిహేనో నిమిషం అనేది ఇక ఎవరికీ రాదు. ఎనభై మంది వస్తే పాతిక మందికి టీకాలు, యాభై అయిదు మందికి కార్డులు.

ఆ బుధవారం దీనమ్మకు మొదటి కార్డు వచ్చింది. తర్వాతి బుధవారం రెండోది.

రెండో కార్డు ఇచ్చిన రోజున ఖాజాబీ రిజిస్టరు తిరగేస్తూ ఆగిపోయింది. "అక్కా, రెండు వారాల్నుంచి తట్టు టీకా ఒక్కటి కూడా పళ్ళేదు" అంది హైమావతితో.

హైమావతికి ఆ సంగతి తెలుసు. ఆ టీకా సీసా ఒకటి తెరిస్తే ఐదుగురికి సరిపోతుంది. తెరిచాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారబోయాలి. పారబోస్తే, మందు వృథా చేశారని ఇంకో ఆఫీసు నుంచి ఇంకో మెమో వస్తుంది. అందుకని ఐదుగురు తొమ్మిది నెలల పిల్లలు పోగయ్యేదాకా ఆగి సీసా తెరవడం అక్కడ అలవాటు. ఇదివరకు గంటలో ఐదుగురు పోగయ్యేవారు. ఇప్పుడు మూడో బిడ్డ వచ్చేసరికి మొదటి బిడ్డకు పద్నాలుగు నిమిషాలు నిండిపోతున్నాయి.

"నాకింకా మూడేళ్ళ సర్వీసుందమ్మా" అంది హైమావతి. ఆ మాట ఎందుకన్నదో ఆమెకే సరిగ్గా తెలియలేదు. అని, చాలాసేపు సిరంజీల పెట్టె సర్దుతూ ఉండిపోయింది.

ఇంతలో రాష్ట్రంలోనే అతి తక్కువ నిరీక్షణ గల కేంద్రాల జాబితాలోకి రాళ్ళవాగు ఎక్కింది. షీల్డు ఇవ్వడానికి రాష్ట్ర సంచాలకులే స్వయంగా వస్తున్నారని, బుధవారం పదకొండున్నరకు చేరుకుంటారని కబురొచ్చింది. పంచాక్షరి జిల్లా సరిహద్దు దగ్గర పూలదండతో ఆయనకు ఎదురెళ్ళాడు. వెళ్ళేముందు ఫోన్ చేసి, "కార్డులు పుష్కలంగా ఉంచండి" అని డాక్టరుకు గుర్తుచేశాడు.

ఆ బుధవారం దీనమ్మ ఎనిమిదిన్నరకు వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. పద్నాలుగు నిమిషాలు గడిచాయి. సుభాషిణి కార్డు తెచ్చింది.

"అక్కా, ఇది తీసుకోండి. వచ్చే బుధవారం..."

"ఇంటికాడ రెండుండాయి తల్లీ. మూడోదాన్ని నేనేం జేసుకునేది?"

"మరి రూలక్కా. నేనేం చెయ్యను?"

దీనమ్మ గొంతు పెంచలేదు. "మా సందులో ఇప్పటికి ముగ్గురికి తట్టు పోసింది. పక్కింటి పిలగాడు ఊపిరాడక పెద్దాసుపత్రిలో ఉండాడు. నా బిడ్డ పొద్దస్తమానం ఆళ్ళింట్లోనే ఆడుకునేది. ఆ తట్టు వచ్చే బుధవారందాకా ఆగుద్దా? ఆగుద్దంటే పోతా. పోనీ, దానిగ్గూడా ఒక కార్డు రాసియ్యి, వచ్చే వారం రమ్మని."

సుభాషిణి చేతిలో గడియారం నడుస్తోంది. పద్నాలుగు నిమిషాల నలభై సెకన్లు. ఎస్తేరు గులాబీ రంగు కార్డును చూసి, నవ్వి, దాన్ని నోట్లో పెట్టుకోవడానికి చెయ్యి చాచింది.

సుభాషిణి గడియారాన్ని కిటికీలో పెట్టి, కొళాయి దగ్గరకు వెళ్ళి, మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుంది. లోపలికి వచ్చి, "అక్కా, ఇంకో సిరంజీల పెట్టె ఎక్కడుంది?" అని అడిగింది.

హైమావతి తలెత్తి చూసింది. "టైము ఎవరు రాస్తారు?"

"ఎవరూ రాయరు."

ఖాజాబీ రెండు క్షణాలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తన గడియారం కూడా తీసుకెళ్ళి అదే కిటికీలో పెట్టింది.

అప్పుడే డాక్టరు మస్తాన్ వలి గదిలోంచి బయటికొచ్చాడు. అందరూ చేస్తున్న పని ఆపేశారు. ఆయన కాల పరిశీలకుల టేబుళ్ళ మీద పేర్చిన సిరంజీలను చూశాడు, వాళ్ళు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాడు, రిజిస్టరు తన వైపు లాక్కున్నాడు. "పదకొండున్నరకు వస్తారట. పేర్లు నేను రాస్తాను, మీరు కానివ్వండి" అన్నాడు.

"తొమ్మిది నెలల పిల్లలు ఎంతమంది ఉన్నారు?" అని హైమావతి గుమ్మంలోకి వచ్చి కేకేసింది. పదకొండు చేతులు లేచాయి. మూడు సీసాలు. నాలుగు డోసులు మిగులుతాయి. "మిగిలితే మిగలనీ" అని ఆమె మొదటి సీసా మూత తీసింది.

ఎస్తేరు అందరికన్నా ముందు ఏడ్చింది. ఆ ఏడుపు విని దీనమ్మ కూడా ఏడ్చేసింది. చెంగుతో మొహం తుడుచుకుని, బిడ్డను భుజాన వేసుకుని, గబగబా గుమ్మం దాటబోయింది.

"ఆగమ్మాయ్! టీకా వేశాక అరగంట కూర్చోవాలి. బిడ్డకు ఏమన్నా తేడా చేస్తే చూసుకోవాలి కదా" అంది హైమావతి.

"ఇప్పుడు కూర్చోమంటారా!" దీనమ్మ నోరు తెరిచింది. "ఇన్నాళ్ళూ కూర్చోనియ్యలా గదమ్మా!"

"ఇది కూర్చోవాల్సిన కూర్చోవడమే."

దీనమ్మ గోడ గడియారం చూసింది. అరగంట కూర్చుంటే పదింటికి షెడ్డు చేరడం కష్టమే. "పోతే పోయింది ఇయ్యాల పని" అనుకుని కూర్చుంది. కూర్చోవడానికి ఏమీ లేక నేల మీద కూర్చుంటే, పక్కనున్న ఒకావిడ స్టోరు గది తలుపు తోసి కుర్చీ తెచ్చుకుంది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు. కాసేపట్లో తల్లులే వరసకట్టి కుర్చీలన్నీ బయటికి తెచ్చి వేసుకున్నారు.

ముగ్గురు నర్సులు, ఎనభై మూడు మంది పిల్లలు. పదిన్నర కల్లా అందరికీ టీకాలు పడ్డాయి. పదకొండు దాటేసరికి కేంద్రంలో ఒక్క లబ్ధిదారుడు కూడా లేడు.

పదకొండున్నరకు మూడు కార్లు వచ్చి ఆగాయి. సంచాలకులు షీల్డు పట్టుకున్న గుమాస్తాతో సహా లోపలికి వచ్చి, ఖాళీ కుర్చీలను చూశారు.

"లబ్ధిదారులు ఎక్కడ?"

"ఇళ్ళకెళ్ళారు సార్" అన్నాడు డాక్టరు.

"కార్డులు ఇచ్చి పంపారు కదూ?" అన్నాడు పంచాక్షరి ఆశగా.

"టీకాలు వేసి పంపాం సార్. అందరికీ."

"సంతోషం. సగటు నిరీక్షణ ఎంత వచ్చింది?" అన్నారు సంచాలకులు.

"కొలవలేదు సార్. కొలిచేవాళ్ళు టీకాలు వేశారు."

పంచాక్షరి దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

సంచాలకులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అనగా, నిరీక్షణ లేదని మీ వాదన. లేదనడానికి ఆధారం?"

"హాలు ఖాళీగా ఉంది కదా సార్" అంది హైమావతి.

"హాలు ఖాళీగా ఉండటం ఆధారం కాజాలదు. అసలు ఎవరూ రాకపోయినా హాలు ఇలాగే ఉంటుంది. సంఖ్య లేని సాఫల్యాన్ని శాఖ గుర్తించజాలదు."

షీల్డు మళ్ళీ కారెక్కింది. అది పక్క మండలంలోని కేంద్రానికి వెళ్ళింది. అక్కడ ఫ్రిజ్ పాడై నెల రోజులుగా టీకాలే లేవు. టీకాలు లేవు కనుక ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదు కనుక సగటు నిరీక్షణ సున్నా.

వెళ్ళేముందు పంచాక్షరి ఒక్కడే వెనక్కి వచ్చాడు. కోప్పడతాడని అందరూ అనుకున్నారు. "ఎనభై మూడు మందికీ వేశారా?" అని అడిగాడు నెమ్మదిగా.

"వేశాం సార్."

"పదిన్నరకే?"

"పదిన్నరకే సార్."

ఆయన నిలబడి కాసేపు ఏదో లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క ఎక్కడ తేలిందో గాని, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

తర్వాతి రోజులు హైమావతికి గడ్డుగా గడిచాయి. నిరీక్షణ కొలవకుండా టీకాలు వేసినందుకు ఒక మెమో, నాలుగు డోసులు పారబోసినందుకు మరో మెమో వచ్చాయి. మూడేళ్ళలో రిటైరవ్వాల్సిన మనిషి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదు. డాక్టరు పక్కన కూర్చుని సంజాయిషీ రాయించాడు. "ఎనభై మూడు మంది వచ్చారు, ఎనభై మూడు మందికి వేశాం" అన్నంతవరకు రాసి, ఇంకేం రాయాలో ఇద్దరికీ తోచక అంతటితో సంతకం పెట్టి పంపేశారు.

దీనమ్మ వాళ్ళ సందులో ఆ నెలలో ఇంకో ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది. ఎస్తేరుకు టీకా వేసిన వారానికి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడి తగ్గింది, అంతే. పక్కింటి పిల్లవాడు పెద్దాసుపత్రి నుంచి బక్కచిక్కి ఇంటికొచ్చాడు. వాడి తల్లి వాడి చెల్లెల్నెత్తుకుని దీనమ్మ వెంట రాళ్ళవాగు వచ్చింది.

నెలన్నర తర్వాత ఉత్తర్వు వచ్చింది. డాక్టరు ముగ్గురు నర్సుల్నీ గదిలోకి పిలిచి చదివాడు.

"సదరు కేంద్రము నిరీక్షణను కొలుచుటలో ఘోరముగా విఫలమైనందున, దానిని పథకము నుండి బహిష్కరించడమైనది. స్టాప్‌వాచీలు రెండింటిని తక్షణమే స్వాధీనము చేయవలెను. కాల పరిశీలకులిద్దరి హోదాను రద్దు చేయడమైనది. శిక్షగా వారిని అదే కేంద్రమున సాధారణ నర్సులుగా టీకాలు వేయు విధులలో నియమించడమైనది."

ఖాజాబీకి నవ్వొస్తోంది, నవ్వితే ఇంకో మెమో వస్తుందేమోనని పెదవి కొరుక్కుంది.

"ఎన్నాళ్ళు సార్ ఈ శిక్ష?" అని అడిగింది సుభాషిణి.

డాక్టరు కాగితం తిప్పి చూశాడు. "తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు."

హైమావతి ముప్ఫై ఏళ్ళుగా సర్కారు నౌకరీలో ఉంది. ఆ మాటకు అర్థం ఆమెకు బాగా తెలుసు.

"అయితే మీరిద్దరూ ఊళ్ళోనే మంచి ఇల్లు చూసుకోండమ్మా" అంది.